ప్రాసెసర్‌లో కదలిక

మా సంకిరెడ్డిపాళెం పట్టుగూళ్ళ మార్కెట్లో ఉన్న కంప్యూటర్‌కు ప్రాణం ఉందా లేదా అన్న అనుమానం అంతకుముందు ఎవరికీ రాలేదు. అది పొద్దున నింపాదిగా లేచేది, కరెంటు పోతే పడుకునేది, ఆపరేటర్ నాగరత్న అన్నం తినేటప్పుడు తనూ కాస్త కునికేది. మార్కెట్లో పనిచేసే మిగతావాళ్ళ తీరూ అదే కాబట్టి దాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నవాళ్ళు లేరు.

పట్టు సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. పట్టుపురుగు మల్బరీ ఆకు తిని పెరిగి, తన చుట్టూ తానే గూడు అల్లుకొని లోపల పడుకుంటుంది. ఆ గూళ్ళను రైతు మార్కెట్‌కు తెస్తాడు. రీలర్ అనేవాడు కొని, ఉడికించి, దారం తీస్తాడు. ఇదంతా లోపలి పురుగు నిద్ర లేచేలోపు అయిపోవాలి. లేచిందంటే దానికి రెక్కలు వచ్చి ఉంటాయి, గూటికి చిల్లు పెట్టుకొని బయటికి వస్తుంది. చిల్లుపడిన గూట్లోంచి దారం రాదు, దాన్ని ఎవరూ ముట్టరు. సర్కారు మార్కెట్లోకి అడుగుపెట్టే జీవుల్లో వేళకు పని పూర్తిచేసేది ఆ పురుగు ఒక్కటే. రైతుల కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

వెనకటికి బేరాలు తువ్వాలు కింద జరిగేవి. రైతూ రీలరూ చెయ్యీ చెయ్యీ కలుపుకొని, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కుకొని ధర తేల్చుకునేవాళ్ళు. అందులో పారదర్శకత లేదని కంప్యూటర్ తెచ్చారు. అప్పటినుంచి గేటులో దిగిన ప్రతి లాటూ, అంటే ఒక్కో రైతు తెచ్చిన గూళ్ళ మొత్తం, కంప్యూటర్లోకి ఎక్కాలి, వేలం కంప్యూటర్లో జరగాలి, గేటు దాటి బయటికి పోవాలన్నా కంప్యూటర్ చీటీ ఇవ్వాలి. రైతుకు అన్యాయం జరగకూడదని ఇంకొక నిబంధన కూడా పెట్టారు. చిల్లులేని మంచి లాటుకు వేలంలో ఎవరూ పాట పాడకపోతే, అంతకుముందు వేలం ధరకు సర్కారు రీలింగ్ కేంద్రమే దాన్ని కొనాలి. ఈ నిబంధన గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని వాడుకున్న రైతును మాత్రం నేను చూడలేదు. మంచి గూళ్ళను రీలర్లు వదలరు కదా.

ఆ రోజు నేను నా గూళ్ళ తాలూకు చీటీ కోసం పోయి ఉన్నాను. బేలుగుంట తిప్పక్క అప్పుడే ఆటోలోంచి తన లాటు దించుకుంది. నాగరత్న దాన్ని కంప్యూటర్లో ఎక్కించింది. గూళ్ళు చూస్తే ముచ్చటేసింది. తెల్లగా, గట్టిగా, ఒకే సైజులో ఉన్నాయి. తిప్పక్కకు అంతకుముందు వరసగా రెండు పంటలు పాలరోగం వచ్చి పోయాయి. ఆ రోగం తగిలిన పురుగుకు ఒళ్ళంతా తెల్లటి జిగురు కారుతుంది, బుట్ట మొత్తం ఎత్తి గుంతలో పోయాల్సిందే. అందుకని ఈసారి ఆమె పురుగులింట్లోనే చాప వేసుకుంది. పురుగుకు ఘాటు పడదని పంటకాలమంతా ఇంట్లో తిరగమాత పెట్టలేదు, చప్పిడి చారు తాగింది. మొగుడు బీడీ కాల్చుకోవాలంటే ఊరి బయటికి పోవాల్సి వచ్చేది. ఆ పుణ్యాన అతను బీడీలు తగ్గించాడని చెప్పుకుంటారు.

రీలర్ ఇమాంసాబ్ ఆమె బుట్టలోంచి ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. ఇది రీలర్ల విద్య. లోపలి పురుగు బాగుంటే గలగలమంటుంది. చచ్చి కుళ్ళి అంటుకుపోతే పలకదు. లేవబోతుంటే మెత్తగా, బరువుగా తగులుతుంది.

"గింజ మాదిరి పలకతాంది అక్కా," అన్నాడు. "కానీ ఈపొద్దో రేపో ఉడకేయాల. ఆ పైన లేచి కూసుంటాయి."

"ఈపొద్దే గద వేలం. ఆ పైన సంగతి నాకెందుకప్పా," అంది తిప్పక్క. అని, నా పక్కకు తిరిగి, ఇంకెవరికీ వినబడకుండా చెప్పింది. "ఇది గానీ పోతే తోట పీకి గొర్రెలకేసి, బెంగుళూరికి పోతా, గార్మెంట్స్‌కు. మా చెల్లెలు పిలస్తానే ఉండాది. ఇదే కడాకు."

ఆమె చేతులు మల్బరీ ఆకు కోసి కోసి పసరు పట్టి నల్లబడి ఉన్నాయి. ఆ చేతులతో ఆమె చొక్కాలకు గుండీలు కుడుతున్నట్టు ఊహించుకుందామని చూశాను. కుదరలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆ ఉత్తర్వు. నాగరత్న ప్రింటు తీసి మార్కెట్ అధికారి అశ్వర్థప్పకు ఇచ్చింది. అశ్వర్థప్ప ఉద్యోగంలో సగం గూళ్ళకు గ్రేడింగు చేస్తూనే గడిపినవాడు. పైనుంచి వచ్చిన కాగితాన్ని నిలబడి చదవడం ఆయన అలవాటు. నిలబడే అందరికీ వినబడేటట్టు చదివాడు.

"శాఖయందలి సమస్త కంప్యూటర్లలో నూతన భద్రతా సాఫ్ట్‌వేర్ స్థాపించబడవలెను. సదరు సాఫ్ట్‌వేర్ కోరు అర్హతలు సదరు కంప్యూటర్ ప్రాసెసర్‌కు గలవో లేవో ముందుగా నిర్ధారించవలెను. నిర్ధారణ కాని ప్రాసెసర్‌ను అనర్హ ప్రాసెసర్‌గా భావించవలెను. అనర్హ ప్రాసెసర్ గల కంప్యూటర్‌ను ఎట్టి పరిస్థితులలోను ఆన్ చేయరాదు."

చదవడం అయిపోగానే ఆయన వంగి, స్వయంగా, కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు.

నాగరత్న ఆ కాగితం తీసుకొని కిందిదాకా చూసింది. "ఏ ప్రాసెసర్ కావాలో ఈ కాగితంలోనే ఉంది సార్. మన దాంట్లో ఏముందో కంప్యూటర్ ఆన్ చేస్తే సెట్టింగ్స్‌లో రాసే ఉంటాది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఐపాయె. నిమిషం పని."

"నిర్ధారణ కాకుండా ఆన్ చేయరాదు," అన్నాడు అశ్వర్థప్ప.

"ఆన్ చేయకుండా నిర్ధారణ ఎట్ల సార్?"

"అది పై అధికారుల పరిధి."

తిప్పక్క లేచి వచ్చింది. కంప్యూటర్ లేకుంటే పోనీ, పాత పద్ధతిలో తువ్వాలు కింద అమ్ముకుంటానని అడిగింది. తువ్వాలుకు అనుమతి రద్దయి చాలా కాలమైందని అశ్వర్థప్ప చెప్పాడు. అయితే లాటు ఎత్తుకొని ఇంకొక మార్కెట్‌కు పోతానంది. గేటు దాటడానికి చీటీ కావాలన్నాడు. చీటీ ఇమ్మంది. కంప్యూటర్ ఇవ్వాలన్నాడు. ఆయన మొహంలో కోపం గానీ వెటకారం గానీ లేవు. వర్షం పడుతోందని చెప్పేవాడి మొహంలాగా ఉంది. అందువల్ల తిప్పక్కకు తిట్టడానికి కూడా పట్టు దొరకలేదు. పోయి తన బుట్టల పక్కన కూర్చుంది. నా చీటీ కూడా ఆగిపోవడంతో నేనూ ఉండిపోయాను.

మరుసటి రోజు జిల్లానుంచి సమాచార భద్రతా ప్రత్యేకాధికారి డాక్టర్ పరంజ్యోతి గారు దిగారు. బట్టతల, తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. పోయిన ఏడు ఆయన దోమల ప్రత్యేకాధికారి. అంతకుముందు పరిశుభ్రత ప్రత్యేకాధికారి. దోమలు గానీ చెత్త గానీ తగ్గాయని ఎవరూ అనలేదు కానీ, రెంటి మీదా నివేదికలు వేళకు చేరాయి. అలాంటి మనిషిని ఏ శాఖా వదులుకోదు.

ఆయన కంప్యూటర్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి కూర్చున్నారు. "ఈ శాఖలో నాణ్యతా నిర్ధారణకు ఆమోదం పొందిన పద్ధతి ఏది?" అని అడిగారు.

"పట్టుగూళ్ళ గ్రేడింగు పద్ధతి సార్," అన్నాడు అశ్వర్థప్ప.

"మరొకటి కలదా?"

"లేదు సార్."

"ఆమోదం లేని పద్ధతిలో పరీక్షించిన యెడల ఆడిట్ అభ్యంతరం వచ్చును. ఆమోదించిన పద్ధతినే అనుసరించెదము."

నాగరత్న ఏదో చెప్పబోయింది. అశ్వర్థప్ప అప్పటికే చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఎన్నాళ్ళుగానో ఆయన విద్య ఎవరికీ అక్కరలేకుండా పోయింది, రీలర్లు చెవి దగ్గర ఆడించుకొని వాళ్ళే తేల్చుకుంటున్నారు. ఇన్నాళ్ళకు జిల్లా అధికారి ఎదుట గ్రేడింగు చేసే భాగ్యం వచ్చింది. తువ్వాలుతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

ముందుగా లాటులోంచి నమూనా ఎంచాలి. ఉన్నది ఒక్కటే కంప్యూటర్ కాబట్టి లాటూ నమూనా ఒకటేనని తీర్మానించారు. తరువాత గూటిమీది ఈకలు, అంటే వదులు పోగులు, తీయాలి. వైర్లన్నీ పీకేసి, దుమ్ము దులిపారు. తరువాత శబ్ద పరీక్ష. ఇందులో రీలర్ల ప్రతినిధి ఉండాలి కనుక ఇమాంసాబ్‌ను పిలిచారు.

ఇమాంసాబ్ కంప్యూటర్ పెట్టెను రెండు చేతులతో పైకెత్తి చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. కళ్ళు మూసుకొని ఇంకొకసారి ఆడించాడు. వేలంలో పాట పాడబోయే ముందు ఎట్లా ఉంటాడో అట్లాగే ఉన్నాడు.

"పలకతాంది సార్," అన్నాడు. "లోపల ఏందో ఊడింది."

పరంజ్యోతి గారు నీలం పెన్నుతో రాసుకున్నారు. "శబ్దము, తృప్తికరము."

తరువాత కోత. గూడునైతే అశ్వర్థప్ప బ్లేడుతో ఒక్క గీతలో కోసేవాడు. దీనికి ఎదురుగా ఉన్న మోటార్ల రిపేరు షాపునుంచి స్క్రూడ్రైవర్ తెప్పించారు. లోపల ఉన్నదంతా తీసి ఒక పక్క, పైపెట్టె ఒక పక్క పెట్టి, వేరువేరుగా తూచారు. మంచి గూడుకు మొత్తం బరువులో ఐదో వంతు పైపెంకు ఉంటే గొప్పగా చెప్పుకుంటాం. కంప్యూటర్‌కు సగానికి మించి పైపెంకే ఉంది. అశ్వర్థప్ప కళ్ళు చెమర్చాయి. అంత పెంకు ఉన్న లాటు తన సర్వీసులో చూడలేదన్నాడు. పరంజ్యోతి గారు లేచి కంప్యూటర్ పెట్టెను ఒకసారి తట్టారు.

"ఇట్టి ఫలితమును ఇతర జిల్లాలు ఆదర్శముగా తీసుకొనవలెను," అన్నారు.

తిప్పక్క ఇదంతా తన బుట్టల దగ్గరినుంచే చూస్తోంది. "ఐపాయెనా సార్?" అని అరిచింది. కాలేదు. గ్రేడింగులో చివరి పరీక్ష లోపలి పురుగుది. అది బతికి ఉందా, చచ్చిందా తేల్చాలి. కంప్యూటర్ లోపలి పురుగు అంటే ప్రాసెసర్ అని అందరూ ఒప్పుకున్నారు. ఏది ప్రాసెసర్ అన్నదగ్గర కాస్త ఆలస్యమైంది. నాగరత్న చిన్న ఫ్యాను ఒకటి పైకెత్తి దాని కింద ఉన్న బిళ్ళను చూపించింది.

బిళ్ళ మీద తెల్లటి జిగురు ఉంది.

అశ్వర్థప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "పాలరోగం," అన్నాడు.

అది వేడి తగ్గడానికి కంపెనీవాళ్ళే పూసే జిగురని నాగరత్న చెప్పింది. కంపెనీవాళ్ళే రోగం పూసి పంపినట్టు నివేదికలో రాస్తే కంపెనీతో తగాదా వస్తుందని పరంజ్యోతి గారు ఆ మాట రాయలేదు. ముందుజాగ్రత్తగా బల్ల చుట్టూ సున్నం చల్లించారు. ఆ బిళ్ళ ఉన్న పలకను కాగితం పరిచిన వెదురు తట్టలో పెట్టించి, దాని మీదికి వంగి చాలాసేపు చూశారు. మేమంతా చుట్టూ మూగి చూశాం. మా ఊపిరికి ఫ్యాను రెక్క ఒకటి కాస్త కదిలింది గానీ ప్రాసెసర్ కదల్లేదు.

"శబ్దము కలదు, కదలిక లేదు," అన్నారు పరంజ్యోతి గారు. "ఇది సంక్లిష్టమైన స్థితి. పరిశీలనలో ఉంచవలెను."

తిప్పక్కకు ఓపిక చచ్చిపోయింది. లేచి వచ్చి తట్టలోకి చూసింది.

"ఆకలేమో సార్," అంది. "రొవ్వంత ఆకేసి చూడండి."

పరంజ్యోతి గారు అశ్వర్థప్ప వైపు తిరిగారు. "పద్ధతిలో నిషేధము కలదా?"

అశ్వర్థప్ప గ్రేడింగు పుస్తకం తిరగేశాడు. "నిషేధం కనబడలేదు సార్."

గూట్లో పడుకున్న పురుగు ఆకు తినదని, ఆకు తినే పురుగు గూట్లో ఉండదని బేలుగుంటలో పాలుతాగే బిడ్డలకు కూడా తెలుసు. అశ్వర్థప్పకు తెలియదనుకోను. కానీ పుస్తకంలో నిషేధం లేనిదాన్ని తన నోటితో నిషేధిస్తే అది ఆయన బాధ్యత అవుతుంది. లేత మల్బరీ ఆకు తెప్పించి, సన్నగా తరిగి, ప్రాసెసర్ చుట్టూ చల్లారు. దానికి ఘాటు తగలకూడదని మార్కెట్లో బీడీలు ఆపించారు, క్యాంటీన్లో తిరగమాత ఆపించారు. ఆ మధ్యాహ్నం మేమంతా చప్పిడి చారుతో అన్నం తిన్నాం. తిప్పక్క మాత్రం తినలేదు.

ఆమె బుట్టలోంచి ఒక్కో గూడే తీసి చెవి దగ్గర పెట్టుకొని ఆడించి, మళ్ళీ బుట్టలో పెడుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఒక గూడు నా చేతికిచ్చింది. ఆడించాను. గలగల లేదు. లోపల ఏదో మెత్తగా, బరువుగా, అటు పొర్లి ఇటు పొర్లినట్టు తగిలింది.

"విన్యావా," అంది.

విన్నానన్నాను.

"పొర ఇడిసే నాలుగు జ్వరాలు దాటించినా వీటికి. ఒళ్ళు వదిలేటప్పుడు కడుపునొప్పి బిడ్డ పక్కన కూసున్నట్టు కూసున్నా. ఆ తట్టలో ఉండే బిళ్ళ చావదు, బతకదు. ఇవి ఏం పాపం చేసినాయప్పా?"

ఈ మాట అశ్వర్థప్పకు కూడా వినబడింది. ఆయన సాయంత్రం పోయేముందు వచ్చి ఆమె బుట్టలకు నీడగా ఒక పట్ట కట్టించాడు. నీడన ఉంటే కాస్త ఆలస్యంగా లేస్తాయి కదా అన్నాడు. అంతకుమించి చేయడానికి ఆయన దగ్గర నిబంధన లేదు.

పట్ట కట్టిన సంగతి పురుగులకు తెలియలేదు.

తెల్లవారి గేటు తీసేసరికి మార్కెట్ హాలంతా తెల్లగా ఉంది. తిప్పక్క బుట్టలు కదులుతున్నాయి. ఒక్కో గూటికీ కొసన తడిసిన చిల్లు, చిల్లులోంచి తల, తలవెనక ముడతలుపడిన రెక్కలు. పట్టుపురుగు రెక్కలు వచ్చినా ఎగరలేదు, కొట్టుకుంటుంది, పాకుతుంది, మహా అయితే ఎత్తునుంచి జారి కింద వాలుతుంది. అవి గోడలెక్కాయి, కుర్చీలెక్కాయి, గోడమీద రాసిన నిబంధనలెక్కాయి. ఆడవీ మగవీ జంటలు కట్టాయి. అశ్వర్థప్ప బల్లమీద ఉన్న భద్రతా ఉత్తర్వు మీద ఒకటి కూర్చొని వరసగా గుడ్లు పెడుతోంది. సంతకం మీద ఒకటి కూడా పడకుండా పెట్టింది.

తిప్పక్క ఏడవలేదు. కొంగు బిగించి, గూళ్ళ మధ్య నిలబడి చూస్తోంది. ఇమాంసాబ్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఒక చిల్లుగూడు తీసుకొని అలవాటుగా చెవి దాకా ఎత్తి, మళ్ళీ దించేశాడు.

ఆ సమయానికి పరంజ్యోతి గారు వచ్చారు. ఎటూ చూడకుండా తిన్నగా తట్ట దగ్గరికి పోయారు, ఎందుకంటే ఆయన పరిశీలనాంశం అదొక్కటే. తట్టలోకి వంగారు. వంగినవారు అట్లాగే ఉండిపోయారు.

ప్రాసెసర్ మీద ఒక రెక్కల పురుగు కూర్చొని రెక్కలు కొట్టుకుంటోంది.

"అశ్వర్థప్పా," అన్నారు మెల్లగా. "కదలిక ఉంది."

పత్రం అప్పటికప్పుడు తయారైంది. ప్రాసెసర్ సజీవము. కదలిక కలదు. ఆకు స్వీకరించినది. భద్రతా సాఫ్ట్‌వేర్‌కు అర్హము. మూడు పెన్నులతో మూడు చోట్ల సంతకం చేసి, సీలు వేశారు. నాగరత్న ఆ పురుగును చేత్తో తీసి పక్కన పెట్టి, పలకను పెట్టెలో బిగించి, వైర్లు తగిలించి, ప్లగ్గు పెట్టింది. కంప్యూటర్ ఏమీ జరగనట్టు లేచింది. ఆమె సెట్టింగ్స్ తెరిచింది. కాగితంలో అడిగిన ప్రాసెసర్ కంటే మా మార్కెట్‌ది మెరుగైనదే ఉంది. ఆ సంగతి చెప్పింది కూడా. అందరూ సీలు ఆరుతుందా లేదా అని చూస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు తిప్పక్క వచ్చింది. దోసిలి నిండా చిల్లుగూళ్ళు తెచ్చి బల్లమీద పోసింది. దీనికి ఎవరు జవాబు చెప్తారని అడిగింది.

పరంజ్యోతి గారు కుర్చీలో వెనక్కి జరిగారు. భద్రతా పరిశీలన కాలంలో రైతు సరుకు చెడిపోయిందంటే దానిమీద ఇంకొక విచారణ పడుతుంది. ఆ విచారణకు ఇంకొక ప్రత్యేకాధికారి వస్తాడు. ఇవన్నీ ఆయన నోటితో అనలేదు కానీ, బట్టతల మీద చెమట రూపంలో కనిపించాయి. ఆయన ఎర్ర పెన్ను తీశారు.

"ఈ ఆవరణలో కనిపించుచున్న రెక్కల పురుగులన్నియు సదరు ప్రాసెసర్‌నుండి వెలువడినవి," అన్నారు. రాస్తూనే చెప్పారు. "రైతుల గూళ్ళలో ఏ ఒక్కదానికిని చిల్లు పడలేదు. సరుకు క్షేమము."

రెక్కలు కొట్టుకునే చప్పుడు హాలంతా వినబడుతోంది. నేను తిప్పక్క వైపు చూశాను. ఇంక ఆమె నోటికి అడ్డు ఉండదు అనుకున్నాను. ఆమె బల్లమీది గూళ్ళనూ, ఆయన చేతిలో పెన్నునూ, ఆ పైన గోడమీది పెద్ద అక్షరాలనూ చూసింది. గోడను కాస్త ఎక్కువసేపు చూసింది.

"నా గూళ్ళకు చిల్లు ల్యాదా సార్?"

"లేదు."

"ఒగటికి గూడా?"

"ఏ ఒక్కదానికిని."

"సీలెయ్యండి సార్," అంది తిప్పక్క. "మీ మాట నేను కాదంటానా."

సీలు వేశారు. అశ్వర్థప్పకు అప్పుడు అర్థమైంది. ఆయన మొహం చూస్తే తెలిసింది. కానీ ఆయన ఏమీ అనలేదు. మార్కెట్లో ఆయన నిబంధన లేకుండా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

వేలం మొదలైంది. తిప్పక్క లాటు తెరమీద మొదటిది. రీలర్లంతా పాట నొక్కాల్సిన ఫోన్లు చేతిలో పట్టుకొని నిలబడ్డారు. ఒక్కరూ పాట పాడలేదు. మంచి గూళ్ళు కదా, ఎందుకు పాడరని పరంజ్యోతి గారు ఇమాంసాబ్‌ను అడిగారు.

"అంత మేలైన గూళ్ళు కొనే తాహతు మాకు ల్యాదు సార్," అన్నాడు ఇమాంసాబ్. "అట్లాటివి సర్కారే కొనాల."

గోడమీది నిబంధన మొదటిసారి అమలైంది. చిల్లులేని తిప్పక్క గూళ్ళను అంతకుముందు వేలం ధరకు సర్కారు రీలింగ్ కేంద్రం కొన్నది. కంప్యూటర్ చీటీ ఇచ్చింది. రీలింగ్ కేంద్రంవాళ్ళు ఆ గూళ్ళలోంచి దారం ఎట్లా తీస్తారని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ కేంద్రం బాయిలరు పాడై మూతపడి చాలాకాలమైంది. మూటలు లోపల పెట్టి తాళం వేశారు. అందువల్ల శాఖకు ఎటువంటి నష్టమూ జరగలేదు.

తిప్పక్క తోట పీకలేదు. ఆ పంట తరువాత ఇంకొక పంట పెట్టింది.

ఇది ఇక్కడితో ఆగిపోవాల్సింది. కానీ నిర్ధారణ పూర్తిచేసిన మొదటి కార్యాలయం మాదే కావడంతో, పరంజ్యోతి గారి నివేదిక ఇతర శాఖలకు ఆదర్శంగా పోయింది. సజీవ చలన పరీక్ష అని దానికి పేరు పెట్టారు. ఖజానాలో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో, రవాణా ఆఫీసులో కంప్యూటర్లు విప్పి తట్టల్లో పెట్టుకొని కూర్చున్నారు. ఎంత ఆకు వేసినా కదలిక లేదు. అప్పుడు వాళ్ళు సంకిరెడ్డిపాళెంలో విజయం ఎట్లా వచ్చిందని ఆరా తీశారు. ఆరా బేలుగుంట దాకా వచ్చింది.

ఇప్పుడు తిప్పక్క పంటకు ఒక బుట్ట గూళ్ళు అమ్మకుండా పక్కన పెడుతుంది. అవి లేచే వేళకు ఆఫీసు జీపు ఇంటి ముందుకు వస్తుంది. ఆమె రెక్కల పురుగుల్ని పలచటి గుడ్డలో మూటగట్టుకొని, తలకు నూనె పెట్టుకొని, జీపులో ముందు సీట్లో కూర్చుంటుంది. ఒక్కో ఆఫీసులో ఒక్కో ప్రాసెసర్ మీద ఒక్కో పురుగును వదులుతుంది. అది రెక్కలు కొట్టుకుంటుంది. అర్హమని రాసుకుంటారు. "కంప్యూటర్లకు పానం పోసేదానికి పోతాండ," అని ఊళ్ళో చెప్పుకుంటుంది, నవ్వదు.

జిల్లా ఖజానాలో పరీక్ష జరిగిన రోజు నేనూ ఆమెతో పోయాను. పరంజ్యోతి గారు స్వయంగా పర్యవేక్షిస్తున్నారు. ఖజానా సిబ్బంది అంతా లేచి నిలబడి ఉన్నారు. ఆయన తట్ట మీదికి వంగి ఉండగా తిప్పక్క మూట విప్పింది. పైనున్న పురుగు ఆమె చేతిమీదినుంచి జారి, ప్రాసెసర్ మీద వాలక, ఆయన బట్టతల నడినెత్తిన వాలింది. అక్కడ కుదురుగా కూర్చొని రెక్కలు కొట్టుకోసాగింది.

ఖజానా అధికారి పెన్ను పట్టుకొని తిప్పక్క వైపు చూశాడు. పద్ధతి ప్రకారం పురుగు వాలినదాని గురించి ఏదో ఒకటి రాయాలి.

"ఏమని రాయమంటావు తల్లీ? అర్హమనేనా?"

తిప్పక్క ఆ తలను అటువైపునుంచి ఒకసారి, ఇటువైపునుంచి ఒకసారి చూసింది.

"పైన కదిలితే సరిపోదు సార్," అంది. "రెండు చేతులతో పట్టుకొని, చెవి దగ్గర ఆడించి చూడాల."